పాకుడులో కొత్త జాతి: కొండ కుంటలోని డయాటమ్‌కు పేరు పెట్టాలంటే ఏం కావాలి?

గెడ్డ (కొండవాగు) దాటేటప్పుడు కాలు జారేది చాలాసార్లు రాయి మీది పాకుడు వల్లే. ఆ పాకుడులో పచ్చగా, దారాల్లా సాగేది ఒక రకం నాచు. గోధుమ రంగులో, వేలితో రాస్తే జిగురుగా, ఎండితే గరుకుగా తగిలేది వేరే రకం. ఈ రెండోదాంట్లో ఎక్కువ భాగం డయాటమ్‌లు. ఒకే కణంతో బతికే శైవలాలు ఇవి. పత్రహరితం ఉన్నా దాన్ని కప్పేసే ఫ్యూకోజాంథిన్ అనే వర్ణకం వల్ల గోధుమ రంగులో కనిపిస్తాయి. నీటిలో కరిగి ఉన్న సిలికాను లోపలికి తీసుకుని తమ చుట్టూ గాజు లాంటి పెంకు కట్టుకుంటాయి. ఆ పెంకు రెండు ముక్కలుగా ఉంటుంది. మూత ఉన్న డబ్బాలో మూత కాస్త పెద్దది, అడుగు కాస్త చిన్నది అయినట్టే, ఒక ముక్క రెండోదాని అంచు మీదికి వచ్చి కూర్చుంటుంది. మంచినీటి డయాటమ్‌లలో ఎక్కువ వాటి పొడవు 10 నుంచి 100 మైక్రోమీటర్ల లోపే. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రోమీటరు.

కంటికి ఆనని ఈ జీవులే భూమి మీద జరిగే మొత్తం కిరణజన్య సంయోగక్రియలో దాదాపు ఐదో వంతు పని చేస్తున్నాయని అంచనా. అయినా వాటిలో ఎన్ని జాతులున్నాయన్నది ఇంకా తేలలేదు. 30 వేలు తప్పకుండా ఉంటాయని, లక్ష దాకా ఉండొచ్చని నిపుణులు చెబుతారు. పేర్లు పెట్టినవి అందులో కొంత భాగమే. అందుకే ఆల్ప్స్‌లోనో హిమాలయాల్లోనో ఎత్తైన ఒక కుంటలో కొత్త డయాటమ్ జాతి దొరికిందన్న కబురు ఏటా ఎక్కడో ఒకచోట నుంచి వస్తూనే ఉంటుంది. చదివేవారికి సహజంగా వచ్చే అనుమానం ఒకటే: గుక్కెడు నీళ్ళలో వేల సంఖ్యలో ఉండే ఈ చుక్కల్లో ఒకటి కొత్తదని ఎవరు చెప్పారు, ఎలా చెప్పారు? దక్షిణ ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం లాంటి ఊళ్ళలో ఉండే తెలుగువారికైతే ఇంకో ప్రశ్న కూడా రావాలి. ఇంటి వెనక కనిపించే కొండల మీది నీళ్ళ సంగతేమిటి?

రెండో ప్రశ్నకు జవాబు మొదటిదాని మీదే ఆధారపడి ఉంది. కనుక ముందు ఆ ఆల్పైన్ కుంటనే చూద్దాం.

ఎత్తైన కుంటల్లోనే ఎందుకు?

చెట్లు పెరగడం ఆగిపోయే ఎత్తుకు పైన ఉండే ప్రాంతాన్ని ఆల్పైన్ అంటారు. అక్కడి కుంట ఏడాదిలో చాలా నెలలు మంచు కింద ఉంటుంది. అందులోకి వచ్చేది కరిగిన మంచు, వాన నీరు. చుట్టూ గట్టి రాయి ఉంటే ఆ నీటిలో కరిగే లవణాలు చాలా తక్కువ. విద్యుత్ వాహకత కొలిస్తే తరచు సెంటీమీటరుకు కొన్ని పదుల మైక్రోసీమెన్స్ దగ్గరే ఆగిపోతుంది. మైదానంలో బావి నీళ్ళకు ఇది వందల్లో ఉండటం మామూలు. ఇలాంటి పలచని, కాస్త ఆమ్ల గుణం ఉన్న నీటిని ఇష్టపడే డయాటమ్ ప్రజాతులు (ఒకదానికొకటి దగ్గరైన జాతుల గుంపులు) వేరే ఉన్నాయి: యూనోషియా, పిన్యులేరియా, ఫ్రస్టులియా, బ్రాకిసైరా. కొత్తగా వర్ణించిన జాతులు చాలావరకు ఇలాంటి ప్రజాతుల నుంచే వస్తుంటాయి. పైగా ఒక కుంటకూ మరో కుంటకూ మధ్య నీటి దారి ఉండదు. పక్షి కాళ్ళకు అంటుకునో, గాలికి ఎగిరో వెళ్ళాలి తప్ప ఈదుకుంటూ వెళ్ళే అవకాశం లేదు.

ఇంకో కారణం ఉంది, దాన్ని దాచాల్సిన పని లేదు. ఆల్ప్స్‌కు దగ్గర్లో పాత విశ్వవిద్యాలయాలు ఉన్నాయి, నూట యాభై ఏళ్ళుగా అక్కడి నీళ్ళను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసినవాళ్ళు ఉన్నారు. ఎక్కడ వెతికితే అక్కడ దొరుకుతాయి. ఎక్కడ ఇప్పటికే బాగా వెతికారో అక్కడే "ఇది కొత్తది" అని ధైర్యంగా అనగలుగుతారు కూడా. వినడానికి తిరకాసుగా ఉన్నా ఈ మాట గుర్తుంచుకోవాలి. కొత్తదనం తెలియాలంటే పాతవన్నీ తెలిసి ఉండాలి.

మహేంద్రగిరి, దేవమాలి: మంచు లేదు, పలచని నీరు ఉంది

గజపతి జిల్లాలోని మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లు. కొరాపుట్ జిల్లాలోని దేవమాలి 1,672 మీటర్లు, ఒడిశాలో అదే ఎత్తైన శిఖరం. రెండింటి మీదా మంచు కురవదు. వాటిని ఆల్పైన్ అంటే తప్పవుతుంది. ఆల్పైన్ జాతులు ఇక్కడ దొరకాలని ఆశించడం కూడా అనవసరం. కాని ఆల్పైన్ కుంటల్లో డయాటమ్‌లను వేరు చేసే రెండు లక్షణాలు మాత్రం ఇక్కడా ఉండే వీలుంది. కొండ కొమ్ముల మీద బండ గుంటల్లో నిలిచే నీరు వాన నీరే కనుక అందులో లవణాలు తక్కువ. చుట్టూ పల్లం ఉండటం వల్ల ఒక కొండ కొమ్మునుంచి మరో కొమ్ముకు ఆ తరహా నీళ్ళు కలవవు.

అసలు విశేషం రాయిలో ఉంది. తూర్పు కనుమల్లో ఈ భాగాన్ని ఎక్కువగా కట్టినది ఖొండలైట్ అనే రాయి. ఇక్కడి కంధులనే ఆదివాసుల పేరు మీదే 20వ శతాబ్దం తొలి ఏళ్ళలో భూగర్భ శాస్త్రజ్ఞులు దానికి ఆ పేరు పెట్టారు. క్వార్ట్జ్, గార్నెట్, సిలిమనైట్ దానిలో ముఖ్యమైన ఖనిజాలు, అంటే సిలికా పుష్కలంగా ఉన్న రాయి. లక్షల ఏళ్ళ వానలకు ఈ రాయి శిథిలమై, అందులోని సిలికా కరిగి నీటితో కిందికి పోతే, కదలకుండా మిగిలిపోయిన అల్యూమినియం ఆక్సైడ్లే బాక్సైట్‌గా పేరుకున్నాయి. దమన్‌జోడి దగ్గర పంచపట్‌మాలి కొండ మీద 1980ల మధ్య నుంచి తవ్వుతున్నది ఆ బాక్సైట్‌నే. అంటే బాక్సైట్ ఉన్న ప్రతి కొండా ఒకప్పుడు తన సిలికాను గెడ్డలకు ఇచ్చేసిన కొండే. ఆ సిలికా సిలిసిక్ ఆమ్లం రూపంలో నీటిలోకి చేరుతుంది. డయాటమ్‌కు పెంకు కట్టుకోవడానికి కావలసిన సరుకు అదే. వరి మొక్క కూడా ఇదే సరుకును వేళ్ళతో పీల్చుకుని పొట్టులో దాచుకుంటుంది. ఊట నీటి పారకంతో మెట్లు మెట్లుగా సాగు చేసే కొరాపుట్ ఝోలా మడుల్లో వరి, డయాటమ్ ఒకే సిలికా కోసం పోటీ పడుతున్నాయన్నమాట.

అదే జిల్లాలో గుప్తేశ్వరం వైపు వెళితే కథ తిరగబడుతుంది. అక్కడి గుహలు సున్నపురాయిలో ఏర్పడ్డవి. సున్నపురాయి మీద పారే నీటిలో కాల్షియం, బైకార్బొనేట్ ఎక్కువ, నీరు క్షార గుణం వైపు మొగ్గుతుంది. యూనోషియా లాంటివి అక్కడ వెనక్కి తగ్గి, వేరే ప్రజాతులు ముందుకు వస్తాయని అంచనా వేయొచ్చు. గంజాం జిల్లా తప్తపాణి గంధకపు వేడినీటి బుగ్గ మరో లోకం. ఒక్క రోజు ప్రయాణంలో చేరుకోగల దూరాల్లో ఇన్ని రకాల నీళ్ళు ఉండటం డయాటమ్‌లు చూసేవారికి పెద్ద సౌకర్యం. హిమాలయాల ఎత్తుకు ఎక్కే శ్రమ లేకుండానే చేయదగ్గ పని ఇక్కడ బోలెడు ఉంది.

సీసా నుంచి స్లైడు దాకా

నమూనా తీయడం తేలిక. నీటిలో మునిగి ఉన్న నాలుగైదు రాళ్ళను ఎత్తి, పైభాగాన్ని పళ్ళ బ్రష్‌తో గీకి, ఆ గోధుమ రంగు నీటిని సీసాలో పోయడమే. కుంట అయితే నీటి మొక్కల కాడలు, అడుగున మెత్తటి మన్ను కూడా తీసుకుంటారు. నీటి ఉష్ణోగ్రత, పీహెచ్, వాహకత అక్కడికక్కడే కొలిచి రాస్తారు. ఇంటికొచ్చాక కొలుస్తామంటే పీహెచ్ మారిపోతుంది.

సీసాలో కొంత భాగాన్ని బతికి ఉండగానే చూడాలి. కణం లోపల హరితరేణువులు ఎన్ని, ఏ వైపు అతుక్కుని ఉన్నాయి, కణం జారుతూ కదులుతుందా, కాడ మీద నిలబడిందా, గొలుసుగా ఉందా అన్నవి అప్పుడే తెలుస్తాయి. ఇంకో ముఖ్యమైన సంగతి ఏమిటంటే, కుంటలో దొరికిన ప్రతి పెంకూ ఆ కుంటలో బతికినదే కానక్కర్లేదు. పైనుంచి కొట్టుకొచ్చిన ఖాళీ పెంకు కూడా స్లైడులో బతికినదానిలాగే కనిపిస్తుంది. బతికిన కణాన్ని చూసి ఉంటేనే "ఇది ఇక్కడిదే" అనడానికి ఆధారం.

ఆ తర్వాత ఆమ్లంలో లేదా హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో వేడి చేసి సేంద్రియ పదార్థం అంతా పోగొడతారు. గుప్తేశ్వరం లాంటి చోట తెచ్చిన నమూనా అయితే ముందు హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో సున్నాన్ని వదిలించాలి. మిగిలేది పెంకులే. ఆమ్లం జాడ లేకుండా పదే పదే కడిగి, ఒక చుక్కను పలచని గాజు మీద ఆరబెడతారు. ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. డయాటమ్ సిలికా వక్రీభవన గుణకం, అంటే కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకె, 1.43 దరిదాపుల్లో ఉంటుంది, నీటిది 1.33, మామూలు స్లైడులకు వాడే జిగురులది 1.5 చుట్టుపక్కల. ఈ తేడాలు చిన్నవి కావడంతో పెంకు మీది సన్నటి చారలు దాదాపు మాయమవుతాయి. అందుకని గుణకం 1.7 దాటిన ప్రత్యేక రెసిన్‌లో వాటిని అమరుస్తారు. అప్పుడు చారలు నల్లగా, స్పష్టంగా తేలతాయి.

ఆ చారలే ఈ శాస్త్రానికి అక్షరాలు. 10 మైక్రోమీటర్ల పొడవులో ఎన్ని చారలు పడతాయో లెక్కపెడతారు. అవి నిటారుగా ఉన్నాయా, మధ్యలోకి వాలాయా చూస్తారు. రాఫే అనే సన్నని చీలిక ఉందా లేదా, ఉంటే దాని చివరలు ఎటు వంగాయి అన్నది గమనిస్తారు. ఆ చీలిక సాయంతోనే డయాటమ్ రాయి మీద జారుతూ కదులుతుంది. కాంతి సూక్ష్మదర్శినికి ఒక హద్దు ఉంది. దాదాపు 0.2 మైక్రోమీటర్ల కంటే దగ్గరగా ఉన్న రెండు చుక్కలను అది విడదీసి చూపలేదు. చారల్లోని రంధ్రాలు చాలాసార్లు అంతకంటే చిన్నవి. కాబట్టి స్కానింగ్ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కావాలి, పెంకు బయటి వైపు ఒకసారి, లోపలి వైపు ఒకసారి ఫొటో తీయాలి. ఇప్పుడు కొత్త జాతి అని రాసే వ్యాసంలో ఈ ఫొటోలు లేకపోతే సమీక్షకులు ఒప్పుకోవడం కష్టం.

ఒకే జాతి, ఎన్నో కొలతలు

డయాటమ్ విషయంలో కొత్తవాళ్ళు ఎక్కువగా బోల్తా పడేది పరిమాణం దగ్గర. కణం రెండుగా విడిపోయేటప్పుడు ఒక్కో పిల్ల కణానికి తల్లి పెంకులో ఒక ముక్క వస్తుంది. దానికి జతగా రెండో ముక్కను అది లోపలి వైపే కట్టుకుంటుంది. లోపల కట్టుకున్నది ఎప్పుడూ చిన్నదే అవుతుంది. పెద్ద ముక్క దక్కిన పిల్ల తల్లి అంతే ఉంటుంది. చిన్న ముక్క దక్కిన పిల్ల తల్లి కంటే చిన్నదవుతుంది. ఇలా తరాలు గడిచేకొద్దీ గుంపు సగటు పొడవు తగ్గుతూ పోతుంది. 1869 ప్రాంతంలో మెక్‌డొనాల్డ్, ఫిట్జర్ అనే ఇద్దరు వేర్వేరుగా గమనించిన సూత్రం ఇది. ఒక హద్దు దాకా చిన్నవయ్యాక లైంగిక పునరుత్పత్తి జరిగి, ఆక్సోస్పోర్ అనే దశలో కణం పెంకు వదిలేసి ఉబ్బుతుంది, మళ్ళీ పెద్ద పెంకు కట్టుకుంటుంది. కొన్ని జాతుల్లో ఈ తగ్గుదల అంతగా కనిపించదు, కాని చాలావాటిలో ఉంటుంది.

దీని ఫలితం ఏమిటి? ఒకే జాతికి చెందిన కణాలు ఒకే సీసాలో పొడవులో రెండు మూడు రెట్ల తేడాతో ఉండొచ్చు. పొడవు తగ్గినంతగా వెడల్పు తగ్గదు కనుక ఆకారం కూడా మారుతుంది. పొడవుగా ఉన్నప్పుడు రెండు కొసలూ సన్నగా సాగిన కణం, చిన్నదయ్యేసరికి గుండ్రటి కొసలతో కోడిగుడ్డు ఆకారానికి దగ్గరవుతుంది. మరీ పెద్ద కణాలను, మరీ చిన్న కణాలను మాత్రమే చూసినవాళ్ళు వాటిని రెండు జాతులనుకోవడం ఈ శాస్త్రం చరిత్రలో కొత్తేమీ కాదు. దీనికి తిరగేసిన పొరపాటు కూడా అంతే మామూలు: నిజంగా వేరైన రెండు జాతుల్ని "సైజు తేడా అంతే" అని ఒకే పేరు కింద తోసేయడం. చారల సాంద్రత ఆకారమంతగా మారదు కనుక దాని మీద ఎక్కువ నమ్మకం పెడతారు. ఒక్క అందమైన ఫొటో ఆధారంగా కొత్త జాతి ప్రకటిస్తే నమ్మకూడదు. పెద్ద కణం నుంచి చిన్న కణం దాకా వరుసగా పేర్చిన ఫొటోలు, పదుల సంఖ్యలో కొలతలు ఉంటేనే అది వర్ణన. ఈ వరుస కుదరకపోతే, ఎంత విచిత్రంగా కనిపించినా, నమూనాను పక్కన పెట్టి మరో కాలంలో మళ్ళీ వెళ్ళి తేవడమే సరైన పని.

పోల్చడం దగ్గరే అసలు పరీక్ష

ఇన్ని కొలతలు సిద్ధమయ్యాక మొదలవుతుంది నిజమైన వాదన. కొత్త జాతి వర్ణన అంటే సారాంశంలో ఒక వాదనే: దీన్ని పోలిన ఫలానా ఐదింటిలో ఇది ఏదీ కాదు, ఎందుకంటే మొదటిదానికి చారలు పలచన, రెండోదానికి కొస వేరే రకం, మూడోదానికి రాఫే ఇలా వంగదు. ఈ పోలికలు ఎంత నిజాయితీగా ఉంటే ఆ జాతి అంతకాలం నిలుస్తుంది. వెతకాల్సినవాటిలో ఒకటి వదిలేసినా, రేపు ఎవరో దాన్ని చూపించి ఆ కొత్త పేరును పాత పేరులో కలిపేస్తారు.

భారతదేశంలో ఈ పోలిక దగ్గరే చాలాకాలం ఇబ్బంది ఉంది. చేతిలో ఉన్న గుర్తింపు పుస్తకాలు ఎక్కువగా యూరప్‌వి. ఇక్కడి డయాటమ్‌ను అందులోని బొమ్మతో పోల్చి, కాస్త దగ్గరగా ఉన్న పేరును తగిలించేయడం అలవాటైపోయింది. దీనికి ఒక సిద్ధాంతపు దన్ను కూడా దొరికింది. సూక్ష్మజీవులు అంతటా ఉంటాయి, ఏది బతకాలో పరిసరాలే ఎంచుతాయి అని డచ్ శాస్త్రజ్ఞుడు బాస్ బెకింగ్ 1934లో రాశారు. అంతటా ఉండేవే అయితే యూరప్ పేరు ఇక్కడ పెట్టడంలో తప్పేముంది అనిపిస్తుంది. తప్పు ఉంది. ఒకసారి పేరు తగిలిస్తే అది పట్టికల్లోకి ఎక్కుతుంది, ఆ పట్టికను చూసి తర్వాతివాళ్ళు "ఈ జాతి ప్రపంచమంతా ఉంది" అంటారు, దాన్ని చూసి ఇంకొకరు మళ్ళీ అదే పేరు పెడతారు. గుండ్రంగా తిరిగే ఈ వాదనకు ఎక్కడా ఆధారం ఉండదు.

ఈ ధోరణికి ఎదురుగా నిలబడ్డవారిలో హెచ్.పి. గాంధీ పేరు ముందు చెప్పాలి. 1950, 60 దశకాల్లో ఆయన కొల్హాపూర్, జోగ్ జలపాతం లాంటి పడమటి కనుమల ప్రాంతాల డయాటమ్‌లను కాంతి సూక్ష్మదర్శినితో చూసి, చేత్తో బొమ్మలు గీసి, తేడా ఉన్నవాటికి కొత్త పేర్లు పెట్టారు. పుణేలోని అగార్కర్ పరిశోధనా సంస్థలో బి. కార్తీక్ బృందం, అమెరికాకు చెందిన కొసియోలెక్ తర్వాత ఆ నమూనాలను, ప్రాంతాలను ఆధునిక పద్ధతిలో మళ్ళీ పరిశీలించారు. గోంఫోనీమా ప్రజాతిలో ఒక జాతికి గాంధీ పేరే పెట్టారు. ఈ మధ్య అదే బృందం తూర్పు కనుమల్లోని ఒక తేట నీటి నది నుంచి ఇండికోనీమా అనే కొత్త ప్రజాతినే వర్ణించింది. గోంఫోనీమా తరహా డయాటమ్‌లలో జిగురు స్రవించే సూక్ష్మ రంధ్రాల గుంపు కాలి కొసన, అంటే కణం అంటిపెట్టుకునే చివర, ఒక్కటే ఉంటుంది. ఇండికోనీమాలో దానికి ఎదురుగా ఉండే తల కొసన కూడా ఉంది. ఇలాంటి రూపం ఉన్నది పడమటి కనుమల్లోనూ దొరికింది. రూపాన్ని బట్టి దీని దగ్గరి బంధువులు తూర్పు ఆఫ్రికాలో ఉన్నాయని వారు చెప్పారు.

ఒక్క జాతి కాదు, ఏకంగా ప్రజాతి. ఒక్క రంధ్రాల గుంపు తేడాను కళ్ళు విప్పి చూడటం వల్ల బయటపడింది. యూరప్ పుస్తకంతో సరిపెట్టుకుని ఉంటే అది గోంఫోనీమా పేరు కిందే ఉండిపోయేది.

ఎడింబరో నగరంలోని బ్లాక్‌ఫర్డ్ కుంట సంగతి ఇంకా ఆశ్చర్యకరం. మనుషులు రోజూ నడిచే పార్కులోని చిన్న కుంట అది. సెల్లాఫోరా ప్యూప్యులా అని ఒకే పేరుతో పిలిచే డయాటమ్‌లు అక్కడ రకరకాల రూపాల్లో ఉన్నాయని డేవిడ్ మాన్ బృందం ఏళ్ళ తరబడి చూసింది. అవి ఒకదానితో ఒకటి కలుస్తాయా లేదా అని పరీక్షించి, కొలతలు, పెంకు నిర్మాణం జతచేసి, 2004లో వాటి నుంచి ఐదు కొత్త జాతులను వేరు చేసింది. ఐదూ అంతకుముందు ఒకే పేరు కింద దాక్కున్నాయి. కొత్త జాతి కోసం కొండ ఎక్కనక్కర్లేదనడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకదు. జయపురం చెరువుగట్టు నుంచైనా మొదలుపెట్టొచ్చు.

జన్యు పరీక్ష వీటన్నింటినీ తేల్చేస్తుంది కదా అని అడగొచ్చు. సాయం చేస్తుంది, తేల్చేయదు. ఒక్క కణాన్ని వేరుచేసి పెంచి, ఆ పెంపకం నుంచి ఆర్‌బీసీఎల్ లాంటి జన్యువును చదివి పోలుస్తారు. కాని పోల్చడానికి పాత జాతుల జన్యు వివరాలు కూడా ఉండాలి. నూరేళ్ళ కిందట పేరు పెట్టిన జాతికి మిగిలింది ఒక స్లైడు, ఒక బొమ్మ మాత్రమే అయినప్పుడు మళ్ళీ పెంకు దగ్గరికే రావాలి.

పేరు చెల్లాలంటే

డయాటమ్‌ల పేర్లు శైవలాలు, శిలీంధ్రాలు, మొక్కల అంతర్జాతీయ నామకరణ నియమావళి కిందికి వస్తాయి. 1958 జనవరి 1 తర్వాత పేరు పెట్టిన శైవల జాతికి బొమ్మ లేదా ఫొటో తప్పనిసరి, ఏ నమూనా మీద పేరు నిలబడిందో చెప్పడం కూడా తప్పనిసరి. ఒకప్పుడు వర్ణన లాటిన్‌లోనే ఉండాలి. 2012 జనవరి నుంచి ఇంగ్లిష్‌లో రాసినా చెల్లుతుంది. పేరు నిలబడే ఆ మూల నమూనా డయాటమ్‌ల విషయంలో సాధారణంగా ఒక గాజు స్లైడు, దానిలో ఫలానా కణం ఎక్కడుందో గుర్తు పెట్టి ఉంటుంది. మన దేశంలో దీనికి చట్టం కూడా తోడైంది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం 39వ సెక్షన్ ప్రకారం కొత్త జాతిని కనుగొన్నవారు ఆ సంగతిని నిర్దేశించిన భాండాగారానికి తెలియజేసి, ఆధార నమూనాను అక్కడ జమ చేయాలి. స్లైడు ఇంట్లో బీరువాలో ఉంటే సరిపోదు.

స్లైడు మీది చీటీలో ఊరి పేరు రాయడం చిన్న పనిలా కనిపిస్తుంది గాని ఈ సరిహద్దులో అది పెద్ద చిక్కే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా కొరాపుట్ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీ కింద, విశాఖపట్నం జిల్లాలో భాగం. 1936 తర్వాత ఒడిశాలో కొరాపుట్ జిల్లా. 1992లో దాన్నుంచి రాయగడ, మల్కనగిరి, నవరంగపూర్ విడిపోయాయి. గంజాం నుంచి గజపతి వేరైంది. అదే గెడ్డ మూడు కాలాల్లో మూడు చిరునామాలతో ఉంటుందన్నమాట. ఊరి పేర్లకు తెలుగు పలుకు ఒకటి, ఒడియా పలుకు ఒకటి, ఇంగ్లిష్ స్పెల్లింగులు నాలుగైదు. పాత నమూనాలు వెతికేవారికి ఇది తలనొప్పి, కొత్తగా సేకరించేవారు మాత్రం అక్షాంశ రేఖాంశాలు, ఎత్తు, తేదీ రాసేస్తే ఆ టెన్షన్ ఉండదు.

పేరుతో పనేముంది?

పేరు తప్పైతే ఏమవుతుందో చెప్పడానికి స్కాట్లాండ్‌లోని గాలొవే కొండల్లో రౌండ్ లాక్ ఆఫ్ గ్లెన్‌హెడ్ అనే చెరువు మంచి ఉదాహరణ. 1980ల్లో అక్కడి చెరువుల నీరు ఆమ్లంగా మారడానికి బొగ్గు పొగ కారణమా, నేల స్వభావమా అన్న వివాదం నడిచింది. చెరువు అడుగు మట్టిని గొట్టంతో తీసి, పొర పొరగా అందులోని డయాటమ్ పెంకులను లెక్కించారు. ఏ జాతి ఎంత పీహెచ్‌లో బతుకుతుందో ముందే తెలుసు కనుక, 19వ శతాబ్దం మధ్య నుంచి నీరు ఆమ్లం వైపు జరిగిందని పొరలే చెప్పాయి. పరిశ్రమల కాలంతో అది సరిపోయింది. జాతుల పేర్లలో గందరగోళం ఉండి ఉంటే, ఒకే పేరు కింద రెండు వేర్వేరు పీహెచ్‌ల జాతులు కలిసిపోయి ఉంటే, ఆ లెక్క ఏ మాత్రం నిలిచేది కాదు.

కొరాపుట్, రాయగడ కొండల మీద గనులు, ఆనకట్టలు, యూకలిప్టస్ తోటలు వచ్చాయి, ఇంకా వస్తాయి. మంచిదో చెడ్డదో అన్న వాదన వేరు. నీరు మారిందా లేదా అని పదేళ్ళ తర్వాత ఎవరైనా అడిగితే చూపించడానికి ఇవాళ్టి పాకుడు ఎలా ఉందో తెలిసి ఉండాలి. ఇక్కడి నీరు ఇక్కడే ఆగదు. కొలాబ్, మాచ్‌కుండ్ నీళ్ళు శబరి ద్వారా గోదావరికి చేరతాయి. మహేంద్రగిరి నుంచి దిగే మహేంద్రతనయ శ్రీకాకుళం జిల్లా బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. నీటిలో మునిగి చనిపోయిన కేసుల్లో ఎముక మజ్జలో డయాటమ్‌లు వెతికే ఫోరెన్సిక్ పరీక్ష కూడా ఉంది. ఏ చెరువులో ఏవి ఉంటాయో పట్టిక ఉంటే ఆ పరీక్షకు బలం వస్తుంది.

అందుకని ఈ జిల్లాల కాలేజీల్లో ఎవరైనా ఈ పనికి దిగితే మొదట కొత్త జాతి కోసం వెతకడం కంటే మామూలు జాతుల ఫొటో పట్టిక తయారు చేయడం మేలు. నూనె కటకం ఉన్న కాంతి సూక్ష్మదర్శిని, ఆమ్లం పొగను బయటికి పంపే ఏర్పాటు, మంచి రెసిన్ ఉంటే పని మొదలవుతుంది. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కోసం మాత్రం పెద్ద సంస్థల దగ్గరికి వెళ్ళాలి. అది ఏటా ఒకసారి చాలు. ఎంచుకున్న గెడ్డలకు వాన తగ్గాక ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి వెళ్ళాలి. వరద కాలంలో రాళ్ళ మీది పాకుడంతా కొట్టుకుపోతుంది కనుక అప్పుడు వెళ్ళి లాభం లేదు. ప్రతి నమూనాలో శుభ్రం చేసిన పెంకులు కొంత స్లైడుకు వాడి, మిగిలింది చిన్న సీసాలో దాచాలి. బెల్జియంలో వాన్ హ్యూర్క్ అనే డయాటమ్ నిపుణుడు 19వ శతాబ్దంలో కూడగట్టిన స్లైడులను ఇప్పటికీ తీసి చూస్తున్నారు. సరిగ్గా అమర్చిన పెంకు పాడవదు. ఆ పట్టికలో ఇమడని కణం ఏదైనా కనిపిస్తే, సీసాలో దాచిన ఆ మిగులు నుంచే ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినికి నమూనా తీసుకోవచ్చు.